అమతుంగులు: మన వాక్కాయకు ఈ గడ్డ మీది చుట్టం

డర్బన్ తీరాన ఇసుక దిబ్బల మీద నడిచిన ప్రతివారూ ఆ పొదను చూసే ఉంటారు. నూనె రాసినట్లు మెరిసే దళసరి ఆకులు, నక్షత్రంలా అయిదు రేకులు విప్పిన తెల్లని పూలు, ఆ పూల పక్కనే, అదే కొమ్మ మీద, కోడిగుడ్డు కంటె కొంచెం చిన్నవైన ఎర్రని పండ్లు. ఆశపడి చేయి పెడితే ముల్లు గుచ్చుకుంటుంది. జూలూ సోదరులు దానిని అమతుంగులు అంటారు. ఇంగ్లీషువారు నాటాల్ ప్లమ్ అన్నారు. ఆఫ్రికాన్స్ మాట్లాడేవారు పెద్ద నుమ్‌నుమ్ అంటారు. మా అవ్వ మాత్రం ఈ మూడు పేర్లలో దేనినీ పలికేది కాదు. ఆమె దానిని "వాక్కాయ" అనేది.

మా అవ్వ ఈ దేశంలోనే పుట్టింది. అసలు వాక్కాయ చెట్టును ఆమె కంటితో చూడలేదు. ఆ మాట ఆమెకు తన తల్లి నుండి వచ్చింది. ఆ తల్లి విశాఖపట్నం జిల్లాలో ఒక పల్లె నుండి మదరాసు రేవుకు వచ్చి, ఓడ ఎక్కి, ఈ తీరాన దిగి, చెరకు తోటలో పని చేసింది. తోట గట్టు మీద ముళ్ళ పొద కనబడగానే, తన ఊరి పొదను తలచుకొని ఆ పేరు పెట్టింది కాబోలు. తల్లి పెట్టిన పేరును కూతురు నిలబెట్టింది. మేము చిన్నతనంలో దానినే నమ్మాము. పెద్దయి బడిలో చదువుకున్న తరువాత, అది వాక్కాయ కాదనీ, అవ్వ పొరబడిందనీ నవ్వుకున్నాము. మరికొంత తెలిసిన తరువాత, నవ్వినందుకు సిగ్గుపడ్డాము. ఆమె పూర్తిగా పొరబడలేదు. అలాగని పూర్తిగా సరిగానూ చెప్పలేదు. ఆ రెండు మాటల మధ్య ఉన్న సంగతి తెలుసుకుంటే, ఈ పొదను మన పెరటిలో ఎలా పెంచాలో, దాని పండును ఎలా వాడాలో మనకు తేటపడుతుంది. అందుకే ఈ వ్యాసం.

చుట్టరికం ఎట్టిది?

వృక్షశాస్త్రంలో కరిస్సా అనే ప్రజాతి ఒకటి ఉన్నది. ఆఫ్రికాలోను, ఆసియాలోను ఆ ప్రజాతికి చెందిన పొదలు పెరుగుతాయి. ఆంధ్రదేశంలో పప్పులోను పచ్చడిలోను వేసే వాక్కాయ శాస్త్రనామం కరిస్సా కరండాస్. దానినే కొన్ని ప్రాంతాలలో కలేకాయ అంటారు. అక్కడి చిట్టడవులలో దానికంటె చిన్న కాయలు కాసే కలివి పొద కూడా ఈ ప్రజాతిదే. కడప జిల్లా పొదలలో 1986లో మళ్ళీ కనబడి లోకాన్ని ఆశ్చర్యపరచిన కలివికోడి అనే పక్షికి ఆ పొద వల్లనే పేరు వచ్చింది.

మన ఇక్కడి అమతుంగులు శాస్త్రనామం కరిస్సా మాక్రోకార్పా. మాక్రోకార్పా అంటే పెద్ద పండు గలది అని అర్థం. ఆ పేరు తగినదే. వాక్కాయ ఉసిరికాయంత కూడా ఉండదు. అమతుంగులు పండు 5 సెంటీమీటర్ల పొడవు వరకు ఎదుగుతుంది. ఈ పొద పుట్టిల్లు దక్షిణాఫ్రికా తూర్పు తీరం. ఈస్టర్న్ కేప్ నుండి మన క్వాజూలు-నాటాల్ మీదుగా మొజాంబిక్ వరకు సముద్రపు గాలి తగిలే పొదలలోను, ఇసుక దిబ్బల మీద అది సహజంగా పెరుగుతుంది. ఎవరూ నాటకుండానే, ఎవరూ నీరు పోయకుండానే, మనవారు రాకముందు ఎన్నో వేల ఏండ్ల నుండి అది ఇక్కడ పూస్తూ కాస్తూ ఉన్నది.

కాబట్టి వాక్కాయ, అమతుంగులు ఒకే ఇంటిపేరు గల అక్కచెల్లెళ్ళ వంటివి. ఆకు తుంచితే రెండింటికీ తెల్లని పాలు వస్తాయి. రెండూ ముళ్ళవే, రెండూ ఏడాది పొడుగునా ఆకు రాల్చక పచ్చగా ఉండేవే. రెండింటికీ చుక్క వంటి సువాసన పూలే. మా ముత్తవ్వ కన్ను చుట్టరికాన్ని సరిగానే పట్టుకున్నది.

చుట్టమైనా పద్ధతి వేరు

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఆంధ్రదేశంలో వాక్కాయను పచ్చిగానే కోస్తారు. పులుపు కోసం పప్పులో వేస్తారు, ఎండుమిరపకాయలతో నూరి పచ్చడి చేస్తారు. ఆ అలవాటును తెచ్చి అమతుంగులు మీద రుద్దకూడదు. ఈ పొద పచ్చికాయ తినరాదు. కాయ పచ్చిగా ఉన్నంతకాలం దానిలో పాలు ఎక్కువ. ఆకులు, కొమ్మలు, పచ్చికాయలు అన్నీ విషపూరితమని ఎంచి దూరంగా ఉండటమే క్షేమం. తినదగినది పూర్తిగా ఎర్రబడి, మెత్తబడిన పండు ఒక్కటే.

ఇంత గట్టిగా చెప్పటానికి కారణం ఉన్నది. ఈ పొద గన్నేరు కుటుంబానికి చెందినది. మన పెరళ్ళలో పూజకు పూలకోసమని పెంచుకున్న ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు రెండూ ఆ కుటుంబంలోవే. గన్నేరుపప్పు తింటే ప్రాణం పోతుందని మన పెద్దలందరికీ తెలుసు. నేటి పిల్లలకు ఆ మాట చెప్పేవారు తక్కువైనారు. ఒక పాలచెట్టు పండు తినవచ్చునని నేర్పిన పిల్లవాడు, ఇంకొక పాలచెట్టు కాయ కూడా తినవచ్చునని అనుకొనే ప్రమాదం ఉన్నది. అందుచేత మా ఇంట్లో పిల్లలకు మూడు నియమాలు నేర్పాము. అవి ఇక్కడ రాస్తున్నాము.

మొదటిది: ముల్లు చూడాలి. అమతుంగులు ముల్లు మొదట ఒకటిగా బయలుదేరి చివర రెండుగా చీలుతుంది. పిల్లలు ఉండేలు చేసుకొనే పంగలకర్ర ఎలా ఉంటుందో అలా ఉంటుంది. గన్నేరుకు ముల్లే లేదు. పంగలముల్లు లేని పొద కాయను ముట్టరాదు.

రెండవది: రంగు చూడాలి. ఎక్కడా పచ్చదనం లేకుండా పండంతా ముదురు ఎరుపు కావాలి. వేలితో నొక్కితే కొంచెం మెత్తగా ఉండాలి. చేయి తగిలించి మెల్లగా లాగితే ఊడి రావాలి. గట్టిగా లాగవలసి వస్తే ఇంకా పండలేదన్న మాట.

మూడవది: పెద్దవారికి చూపించిన తరువాతే నోట పెట్టాలి. ఈ మూడవ నియమాన్ని పిల్లలు పాటించరని మాకు తెలుసు. అయినా చెబుతూనే ఉండాలి.

బాగా పండిన పండును కడిగి, తొక్కతోను గింజలతోను అలాగే తినవచ్చు. గింజలు పలుచగా, చిన్నవిగా ఉంటాయి, పంటికి అడ్డం రావు. కోసినప్పుడు పండులో కూడా తెల్లని పాలచుక్కలు కొన్ని కనబడతాయి. పండిన పండులోని ఆ చుక్కల వల్ల హాని లేదు. కాని పెదవులకు కొంచెం బంకగా అంటుకుంటాయి. రుచి తియ్యగా ఉండి, వెనుక కొంచెం పులుపు తగులుతుంది. సి విటమిన్ దీనిలో బాగా ఉన్నది.

కొమ్మ ప్రయాణం

అమతుంగులు మొక్కను మూడు విధాల సంపాదించవచ్చు: గింజ, కొమ్మ, నర్సరీ. నాలుగవ విధం ఒకటి కొందరికి తోస్తుంది. తీరం వెంట పొదలలో ఉన్న మొక్కను తవ్వి తెచ్చుకోవటం. అది చేయరాదు. ఆ పొదల వేళ్ళు ఇసుక దిబ్బలను పట్టి ఉంచుతున్నాయి. పైగా బలిసిన మొక్కను తవ్వి తెస్తే సాధారణంగా బ్రతకదు. దేశవాళీ మొక్కలు అమ్మే నర్సరీలలో ఇది తేలికగానే దొరుకుతుంది.

గింజ వేయదలచినవారు బాగా పండిన పండులోనుండి గింజలు తీసి, గుజ్జు పోయేలా కడిగి, నిలువ ఉంచక వెంటనే వేయాలి. సగం ఇసుక, సగం మాగిన కంపోస్ట్ కలిపిన మట్టిలో, గింజ కనబడకుండా పైన పలుచగా మట్టి చల్లితే చాలు. నీరు చిలకరిస్తూ నీడలో ఉంచితే రెండు నుండి నాలుగు వారాలలో మొలకలు వస్తాయి. ఆ తరువాత మాత్రం ఓపిక కావాలి. మొలక మొదటి రోజులలో చాలా నెమ్మదిగా ఎదుగుతుంది.

కొమ్మతో పెంచితే కాపు త్వరగా వస్తుంది. దీనికొక చక్కని పద్ధతి ఉన్నది. లేత కొమ్మను ఎంచుకొని, చెట్టున ఉండగానే దానికి సగం మందం వరకు గాటు పెట్టి, కొమ్మను కిందికి వంచి వదిలివేయాలి. గాటు పెట్టేటప్పుడు పాలు కారతాయి, చేతికి కంటికి తగలకుండా చూసుకోవాలి. రెండు నెలలకు గాటు దగ్గర పుండు మానినట్లు గట్టిపడి కాయ కడుతుంది. అప్పుడు కొమ్మను కోసి తడి ఇసుకలో గుచ్చితే సుమారు నెలరోజులలో వేళ్ళు వస్తాయి. గాటు పెట్టకుండా నేరుగా కోసి గుచ్చినా కొన్ని బ్రతుకుతాయి గాని, ఎక్కువ భాగం ఎండిపోతాయి.

మా ఇంటి పొద కొమ్మతో వచ్చినదే. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం వల్ల 1960ల్లో మా కుటుంబం కేటో మేనర్‌లోని ఇల్లు వదలి చాట్స్‌వర్త్‌కు రావలసి వచ్చింది. కేటో మేనర్‌లో మాకు పెద్ద పెరడు ఉండేది. మామిడి, పనస, మునగ, కరివేప, పెరటి గట్టున అమతుంగులు. వాటిలో దేనినీ లారీ ఎక్కించలేము గదా. అవ్వ బయలుదేరటానికి ముందే, ఇల్లు పోతుందని తెలిసిన రోజు నుండే, కొమ్మలకు గాట్లు పెట్టి ఉంచింది. ఎవరికీ చెప్పలేదు. బయలుదేరిన రోజున జామ్ డబ్బాలో తడి ఇసుక పోసి, నాలుగు కొమ్మలు గుచ్చి, ఆ డబ్బాను ఒడిలో పెట్టుకొని లారీలో ముందు కూర్చున్నది. నాలుగింటిలో ఒకటి బ్రతికింది. కరివేప మొక్క కూడా ఒకటి వచ్చింది. మామిడి, పనస అక్కడే ఉండిపోయినాయి.

నేల, నీరు, ఎండ

ఈ పొదకు గొప్ప నేల అక్కరలేదు. ఇసుక నేలలోను, రాతి నేలలోను పెరుగుతుంది. ఒక్కటే దానికి పడదు: వేళ్ళ దగ్గర నీరు నిలువరాదు. చాట్స్‌వర్త్, ఫీనిక్స్ ప్రాంతాలలో మన ఇళ్ళు చాలావరకు ఏటవాలు నేల మీదనే ఉన్నాయి కనుక ఆ చిక్కు తక్కువ. జిగటమన్ను ఎక్కువగా ఉన్న చోట గోతిలో ఇసుక, కంపోస్ట్ కలపాలి. మొక్క కుండీ మట్టికి రెండింతలు వెడల్పు గొయ్యి తవ్వితే సరిపోతుంది.

నాటటానికి మంచి కాలం సెప్టెంబరు, అక్టోబరు. అప్పుడు నాటితే వెనుకనే వచ్చే ఎండకాలపు వానలకు మొక్క నిలదొక్కుకుంటుంది. మొదటి ఏడాది వారానికి రెండుసార్లు నీరు పోయాలి. రెండవ ఏడాది నుండి తీరప్రాంతంలో వాన నీరే చాలు. ఎరువు విషయంలో అతి చేయవద్దు. ఏడాదికి రెండుసార్లు మొదట్లో కంపోస్ట్ వేసి, పైన ఎండుటాకులు పరచితే చాలును.

ఎండ బాగా తగలాలి. నీడలో కూడా బ్రతుకుతుంది గాని పూలు తగ్గుతాయి. ఉప్పుగాలికి మల్లె మాడిపోతుంది, గులాబీ మాడిపోతుంది. అమతుంగులు ఆకుకు మాత్రం ఏమీ కాదు. సముద్రం దగ్గర ఇళ్ళున్నవారికి ఇంతకంటె తగిన పూలపొద లేదు.

దీనికి శత్రువు మంచు ఒక్కటే. డర్బన్ తీరంలో ఆ భయం లేదు. జోహన్నెస్‌బర్గ్, ప్రిటోరియా వైపు వెళ్ళి స్థిరపడిన మనవారు జాగ్రత్త పడాలి. చలి సున్నాకు దిగువ 2 డిగ్రీలకు పడితే లేత మొక్క చనిపోతుంది. బలిసిన పొద సున్నాకు దిగువ 4 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. ఆ ప్రాంతంలో ఉన్నవారు ఉత్తరం వైపు ఎండ తగిలే గోడ దగ్గర నాటాలి. మన దేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నది కాబట్టి చలికాలపు ఎండ ఉత్తరం నుండి వస్తుంది. మొదటి రెండు చలికాలాలు రాత్రిపూట గోనెసంచి కప్పితే మంచిది. లేదా పెద్ద కుండీలో పెంచి చలికాలంలో వసారాలోనికి జరుపుకోవచ్చు.

పూసినా కాయకపోతే

అవ్వ డబ్బాలో తెచ్చిన కొమ్మ చాట్స్‌వర్త్ ఇంటి ముందు బాగా పెరిగింది. మూడవ ఏట పూలు పూసింది. సాయంత్రం అయ్యేసరికి వీధి మలుపు దాకా వాసన కొట్టేది. కాని కాయలు మాత్రం లేవు. ఒక ఏడు చూశాము, రెండేళ్ళు చూశాము. ఏడాదికి రెండో మూడో పండ్లు, అంతే. ఇల్లు మారిన దిగులు చెట్టుకు కూడా పట్టిందని అవ్వ అనేది. దిష్టి తగిలిందని పొరుగింటివారు అన్నారు.

అసలు కారణం తరువాత తెలిసింది. ఈ పొదలలో చాలావరకు తన పుప్పొడితో తాను సరిగా కాయవు. మరొక పొద పుప్పొడి రావాలి. పూలు తెల్లగా ఉండటమూ, చీకటి పడితే వాసన హెచ్చటమూ రాత్రిపూట తిరిగే పెద్ద చిమ్మటల కోసమే. పొడుగాటి తొండం గల ఆ చిమ్మటలు, కొన్ని చిన్న పురుగులు ఒక పొద నుండి మరొక పొదకు పుప్పొడిని మోస్తాయి. దగ్గరలో రెండవ పొద లేకపోతే చిమ్మట వచ్చినా ప్రయోజనం లేదు. ఒకే చెట్టు నుండి తీసిన రెండు కొమ్మలను పక్కపక్కన నాటినా పని జరగదు. అవి రెండూ ఒకే మొక్క కిందికే లెక్క. వేరు వేరు చోట్ల నుండి తెచ్చిన రెండు మొక్కలు కావాలి.

ఆ సంగతి అప్పట్లో మాకెవరికీ తెలియదు. రెండిళ్ళ అవతల ఉండే తమిళ పిన్నిగారు ఇసిపింగోలోని చెల్లెలి ఇంటి నుండి ఒక మొక్క తెచ్చి తన గేటు దగ్గర నాటుకున్నది. అది పూసిన ఏడాదే మా పొద విరగగాసింది. ఆమె పొద కూడా కాసింది. అవ్వ పండ్లను పళ్ళెంలో పెట్టి ఆమెకు పంపితే, ఆమె తన పండ్లను అదే పళ్ళెంలో తిరిగి పంపింది. రాత్రి చిమ్మటలు చేసే పనిని పగలు వాళ్ళిద్దరూ చేసేవారు.

కాబట్టి పాఠకులకు మేము చెప్పే మాట ఇది: ఒక్క మొక్క కొనవద్దు. రెండు కొనండి. పెరట్లో చోటు ఒక్కదానికే ఉంటే, రెండవదాన్ని పక్కింటివారికి ఇవ్వండి. ఇంకొక సంగతి. ఇళ్ళలోను, చిమ్మటలు తిరిగే పొదల దగ్గర రాత్రంతా పెద్ద దీపాలు వెలిగించి, పురుగుమందులు కొట్టే ఇళ్ళలో కాపు తగ్గుతుంది. పురుగుమందు మానివేయండి. ఈ పొదకు పెద్దగా తెగుళ్ళు రావు.

కంచెగా పెంచటం

జూలూ పల్లెలలోను, తీరపు ఇళ్ళలోను దీనిని కంచెగా వాడటం చాలాకాలంగా ఉన్నది. పంగలముళ్ళ వల్ల మనిషి గాని, పశువు గాని దూరలేదు. కంచె కోసమైతే మొక్కకు మొక్కకు 60 నుండి 90 సెంటీమీటర్ల ఎడం ఉంచి ఒకే వరుసలో నాటాలి. విడిగా ఒక పొదగా పెంచదలిస్తే చుట్టూ 2 మీటర్ల చోటు వదలాలి. వదిలేస్తే 3, 4 మీటర్ల ఎత్తు పోతుంది. నడిచే దారికి, పిల్లలు ఆడే చోటుకు ఆనుకొని నాటవద్దు.

పూలు కొమ్మల కొసలలోనే పూస్తాయి. అందువల్ల కత్తిరింపులో తెలివి కావాలి. కొసలను కొద్దిగా తుంచితే ఒక్క కొస స్థానంలో రెండు మూడు కొసలు వచ్చి పూలు పెరుగుతాయి. గోడలా నున్నగా కనబడాలని మాటిమాటికి కత్తెర వేస్తే పూల కొసలన్నీ పోయి కంచె మిగులుతుంది, కాపు పోతుంది. చలికాలం చివర, ఆగస్టులో ఒకసారి కత్తిరించి వదిలేయటం మేలు. చేతికి మందపాటి చేతితొడుగులు వేసుకోవాలి. నేల మీద పాకే పొట్టిరకం ఒకటి గ్రీన్ కార్పెట్ అనే పేరుతో అమ్ముతారు. అది చూడటానికి బాగుంటుంది, ముళ్ళు తక్కువ. కాని పండ్ల కోసం పెంచేవారికి అది సరిపోదు.

మన వీధులలో పాత కంచెలు చాలావరకు పులికంపతోనో, గన్నేరుతోనో వేసినవి. పులికంప దక్షిణ అమెరికా వైపు నుండి వచ్చి ఈ దేశపు అడవులను, మేత భూములను ఆక్రమించిన మొక్క. 2014లో ప్రకటించిన నిబంధనలలో పులికంప, పచ్చగన్నేరు రెండూ దురాక్రమణ మొక్కల జాబితాలో ఉన్నాయి. వాటిని నాటటం, పెంచటం, అమ్మటం చట్టరీత్యా తప్పు. పూజకు పచ్చగన్నేరు పూలు కావాలనే పెద్దలకు ఇది కష్టంగా తోచవచ్చు. తెల్లని అమతుంగులు పువ్వు దేవుని ముందు పెట్టటానికి ఏమి తక్కువ? వాసనలో పచ్చగన్నేరు కంటె ఎంతో మిన్న.

పండ్లు మనకు మాత్రమే అనుకోవద్దు. నల్లతల గల బుల్‌బుల్ పిట్టలు తెల్లవారకముందే వచ్చి పండిన వాటిని పొడుస్తాయి. ఆంధ్రదేశపు పిగిలిపిట్టకు తోక కింద ఎరుపు, ఇక్కడి దానికి పసుపు. పొదలకున్న చుట్టరికమే పిట్టలకూ ఉన్నది. కోతుల సంగతి చాట్స్‌వర్త్ వారికి మేము చెప్పనక్కరలేదు. అయినా ముళ్ళ లోపల కాసిన పండ్లు కొన్ని ఎప్పుడూ మనకు మిగులుతాయి.

వంటింట్లో

పూలు ఇంచుమించు ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా కనబడతాయి. ఎక్కువగా పూసేది వసంతం, ఎండకాలం. పండ్లు ఎండకాలం నుండి శరత్తు వరకు వస్తాయి. మన పంచాంగం ఉగాదిని వసంతం అంటుంది, కాని ఇక్కడి తోటలో అప్పటికి శరత్తు మొదలవుతుంది. ఆ రోజులలోనే చాలా ఇళ్ళలో అమతుంగులు పండ్లు దొరుకుతాయి.

పప్పు చేయటం: ఒక గ్లాసు కందిపప్పును పసుపు వేసి మెత్తగా ఉడికించాలి. బాగా పండిన పండ్లు ఎనిమిది, పది తీసుకొని, కడిగి, నాలుగేసి ముక్కలుగా కోసి, కొంచెం నీటిలో విడిగా ఉడికించి పప్పులో కలపాలి. వాక్కాయంత పులుపు దీనికి లేదు కాబట్టి కొంచెం చింతపండు రసం కూడా పోయాలి. ఉప్పు, పచ్చిమిరపకాయలు వేసి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు పెట్టాలి. పప్పు లేత గులాబీ రంగుకు వస్తుంది.

జామ్ చేయటం: కిలో పండ్లను కోసి, మునగకుండా కొంచెం నీరు పోసి మెత్తబడే వరకు ఉడికించాలి. జల్లెడలో రుద్ది గుజ్జు తీయాలి. గుజ్జు ఎంత ఉంటే అంత పంచదార వేసి, సన్నని సెగ మీద, గరిటె నుండి జారక నిలిచే వరకు కలుపుతూ ఉండాలి. స్టీలు గిన్నె వాడటం మంచిది. ఉడికేటప్పుడు పండులోని పాలు గిన్నె అంచున తెల్లని గీతగా అంటుకుంటాయి. సబ్బుకు పోదు. గుడ్డకు వంటనూనె రాసి తుడిస్తే పోతుంది. అవ్వ ఈ చిట్కాను కోడళ్ళందరికీ నేర్పింది.

పేరు నిలబడటం

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మదరాసు నుండి డర్బన్ చేరింది. ఆ రోజు నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు కూలి ఒప్పందం మీద నాటాల్‌కు వచ్చారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మదరాసు రేవు నుండి బయలుదేరినవారే. మన తెలుగువారు ఆ లెక్కలోనివారు. వారు తెచ్చుకున్నవి కొన్ని బట్టలు, కొన్ని గిన్నెలు, కొన్ని మాటలు. బట్టలు చిరిగిపోయినాయి. గిన్నెలు ఏ ఇంట్లోనో ఒకటి రెండు మిగిలినాయి. మాటలు కూడా ఒక్కొక్కటే జారిపోతున్నాయి. మా మనుమలకు వాక్కాయ అనే మాట ఇప్పుడు ఈ పొద వల్లనే తెలుసు.

అయితే మేము వారికి అమతుంగులు అనే మాటను కూడా నేర్పుతున్నాము. ఇది ఈ నేల పొద. దాని అసలు పేరు ఈ నేలవారు పెట్టినది. మా ముత్తవ్వ పెట్టిన పేరు దానికి ముద్దుపేరు. రెండు పేర్లూ తెలిసిన పిల్లవాడు పండును పచ్చిగా కోయడు, ఎర్రబడేదాకా ఆగుతాడు. అమ్మమ్మల ఊరి వాక్కాయను పచ్చిగానే కోస్తారనీ, ఇక్కడి చుట్టానికి పండే వరకు సమయం ఇవ్వాలనీ తెలుసుకుంటాడు.

అవ్వ పోయి చాలాకాలమైనది. తమిళ పిన్నిగారి ఇంట్లో ఇప్పుడు వేరేవారు ఉంటున్నారు. గేటు దగ్గర పొదను మాత్రం వారు తీయలేదు. పోయిన చలికాలం చివర మా పొదకు ఆరు కొమ్మల మీద గాట్లు పెట్టాము. నాలుగు వేళ్ళు వేసినాయి. ఒకటి లెనేషియాలోని మా అమ్మాయి ఇంటికి పోయింది, గోనెసంచితో సహా. ఒకటి సభా మందిరం ప్రహరీ పక్కన నాటాము. దానికి జోడుగా మరొక చోటి మొక్క కావాలి. పాఠకులలో ఎవరి పెరటిలోనైనా పాత పొద ఉంటే, ఆగస్టులో ఒక కొమ్మకు గాటు పెట్టి, మందిరానికి తెచ్చి ఇవ్వవలసినదిగా కోరుతున్నాము. డబ్బా, ఇసుక మేము సిద్ధంగా ఉంచుతాము.